పూటకూళ్ళవాని ధర్మము

ఆర్తుడై తన గుమ్మము తొక్కిన మానవునితో వైద్యుడు "ఇంక నావలన కాదు, మరియొకచోటికి పొమ్ము" అని పలుకవచ్చునా? పలికినయెడల అతడు ధర్మభ్రష్టుడగునా, లేక ధర్మమునందే అట్టి పలుకునకు ఒక తావు కలదా? ప్రాచీనమైన ఈ ప్రశ్న 2024 ఆగస్టు 1వ తేదీన ఇంగ్లండు దేశములో తాత్త్వికచర్చగా మిగులక నిత్యవ్యవహారములోనికి దిగివచ్చినది. అచటి కుటుంబవైద్యులు, జీపీలని జనులు పిలుచుకొనువారు, బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ నిర్వహించిన ఓటింగులో పాల్గొన్నవారిలో 98 శాతమునకు పైగా సమ్మతి తెలిపినమీదట, దాదాపు అరువది సంవత్సరములలో మొదటిసారిగా ఆ దినమున సంఘటితచర్యకు పూనుకొనిరి. అది సమ్మె కాదు. చికిత్సాలయముల తలుపులు మూయబడలేదు. ప్రభుత్వముతో చేసికొన్న ఒప్పందములో ఒక్క షరతునైనను వారు ఉల్లంఘింపలేదు. ఒప్పందము కోరకున్నను తాము ఇన్నాళ్ళుగా ఊరకయే చేయుచు వచ్చిన పనులలో కొన్నింటిని విడిచిపెట్టుటయే ఆ చర్యయొక్క స్వరూపము. సంఘము సూచించిన పది మార్గములలో ఎవరికి తోచినవానిని వారు ఎన్నుకొనవచ్చును. వానిలో ఒకటి మాత్రము నా మనస్సును విడువకున్నది: ఒక్కొక్క వైద్యుడు దినమునకు 25 మంది రోగులకు మించి చూడరాదు, మించినవారిని అత్యవసర చికిత్సాకేంద్రములకో, మరియొక సేవకో పంపవలెను. ధర్మవిచారమంతయు ఆ 26వ మనిషి చుట్టును తిరుగుచున్నది.

ఈ హద్దు ఏల అవసరమైనదో మొదట చెప్పవలసియున్నది. 2015వ సంవత్సరమున ఇంగ్లండులో పూర్తికాలము పనిచేయు ఒక కుటుంబవైద్యునివద్ద సగటున 1,900 పైచిలుకు జనులు నమోదై యుండగా, 2024 నాటికి ఆ సంఖ్య సుమారు 2,300 అయినది. జనులు పెరిగిరి, వృద్ధులైరి, ఒక్కొక్క దేహములో మూడు నాలుగు దీర్ఘవ్యాధులు కాపురము పెట్టినవి, ఆసుపత్రులలో శస్త్రచికిత్సకై మాసములతరబడి కాచుకొనియున్నవారు ఆ లోపల కలుగు నొప్పికిని భయమునకును తమ జీపీనే ఆశ్రయించిరి, వైద్యుల సంఖ్య మాత్రము పెరుగుటకు మారుగా కొంత తగ్గినది. ఇంకను విచిత్రమేమనగా, ఒకవైపు ఇంత భారముండగా మరియొకవైపు అప్పుడే శిక్షణ ముగించుకొనిన యువవైద్యులు ఉద్యోగములు దొరకక తిరుగుచుండిరి. ఏలయన, అదనపు సిబ్బంది నిమిత్తము ప్రభుత్వము ఒసగిన ధనముతో ఫార్మసిస్టులను, ఫిజియోథెరపిస్టులను నియమించుకొనవచ్చునే గాని వైద్యుని నియమింపరాదని నిబంధన యుండెను. అది 2024 అక్టోబరులో గాని సడలలేదు. ఇట్టి స్థితిలో ఆ సంవత్సరము ఏప్రిలునుండి 1.9 శాతము పెంపుతో క్రొత్త ఒప్పందమును సంఘము సమ్మతింపకయే అమలుపరచుటతో వైద్యుల సహనము తెగినది. కరవు ప్రకృతి తెచ్చినదా, మనుష్యులు చేసినదా అను భేదము ధర్మనిర్ణయమున మిక్కిలి ముఖ్యము గనుకనే ఈ వివరములను ముందుగా చెప్పుచున్నాను.

ఇక ఆ గదిలోపలికి పోయి చూతము. ఒక్కొక్క రోగికి కేటాయించిన కాలము సాధారణముగా పది నిమిషములు. ఒక వృద్ధురాలు వచ్చి మోకాలినొప్పి చెప్పుకొనును. వైద్యుడు మోకాలిని వంచి చూచును, వాపును వ్రేలితో నొక్కి చూచును, మందుచీటీ సిద్ధము చేయును. తొమ్మిది నిమిషములు గడచినవి. ఆమె లేచి, కోటు సవరించుకొని, తలుపుపిడిమీద చేయివేసి, వెనుదిరిగి, ఏదో అల్పవిషయము జ్ఞప్తికి వచ్చినట్లు, "మరొక్క మాట డాక్టరుగారూ, ఈమధ్య నాలుగైదు సారులు రక్తము పడినది" అనును. ఆమె ఆనాడు ఇల్లు వెడలివచ్చినది ఆ మాట చెప్పుటకే. మోకాలు ఆ మాటకు ధైర్యము కూడదీసికొనుటకు ఆమె వేసికొన్న మెట్టు మాత్రమే. జీపీలందరు ఎరిగిన క్షణమిది. అప్పుడు వైద్యుడు గడియారమువైపు చూచినచో ఆమె మరల ఎన్నటికిని ఆ మాట ఎత్తకపోవచ్చును; "కూర్చోండమ్మా" అన్నచో వెలుపల కూర్చున్న వారందరి వంతులు వెనుకకు జరుగును. ఇట్టి మనుష్యులు ఒకరి తరువాత ఒకరు వచ్చి వెడలిన పిమ్మట, సాయంకాలము కంప్యూటరులో రక్తపరీక్షల ఫలితములు, ఆసుపత్రి లేఖలు, సంతకము చేయవలసిన మందుచీటీలు బారులు తీరి యుండును. పదులకొలది నిర్దోషమైన ఫలితముల నడుమ పొటాషియము ప్రమాదకరముగా పెరిగిన ఒక్క ఫలితము దాగియుండవచ్చును. అది ఆనాడే కంటబడవలెను. కంటబడనియెడల ఒక గుండె రాత్రికి రాత్రి ఆగిపోవచ్చును.

ఆర్తుని త్రిప్పిపంపుటను గూర్చి మన సంప్రదాయము ఇచ్చు మొదటి సమాధానము రంతిదేవుని కథలో నున్నది. నలువదియెనిమిది దినములు అన్నోదకములు లేక కృశించిన ఆ రాజు, దైవికముగా లభించిన ఆహారమును కుటుంబముతో ఆరగింపబోవు తరుణమున ఒకరివెంట నొకరు అతిథులు రాగా, ఉన్నదంతయు వారికి పంచిపెట్టి, కడపట మిగిలిన నీటినైనను దాహార్తుడై వచ్చిన చండాలునికి పోసి, సర్వభూతముల దుఃఖమును తానే అనుభవింపగోరెను. భాగవతము విని పెరిగిన తెలుగువానికి ఇది కేవలము కథ కాదు. గుమ్మములోనికి వచ్చినవానిని రిక్తహస్తములతో పంపరాదను గృహస్థధర్మమునకు అది పరాకాష్ఠ. బ్రిటనులో జీపీగా నున్న మా మేనల్లునితో, ఈ చర్య మొదలైన దినములలో, వాని తల్లి, అనగా మా అక్క, ఫోనులో అన్న మాట నా చెవిని పడినది. "ఏరా నాయనా, గుమ్మంలోకి వచ్చినవాణ్ణి పొమ్మంటావుటరా?" అని ఆమె అడిగెను. వాడు కొంతసేపు ఊరకుండి, "పొమ్మనాలని కాదమ్మా. పాతికమందిని చూశాక ఇరవయ్యారోవాడు చెప్పేది నాకు వినపడదు. వింటున్నట్టు తల మాత్రం ఊపుతాను" అని బదులు చెప్పెను.

ఆ బదులులో రంతిదేవుని కథకును కుటుంబవైద్యుని స్థితికిని గల భేదమంతయు ఇమిడియున్నది. రంతిదేవుడు దానము చేసినది తన భాగమునకు వచ్చిన అన్నమును నీటిని. ఇచ్చువాడు ఎంత కృశించినను అన్నము అన్నముగానే యుండెను, దాత నీరసము దానములోనికి దిగలేదు. వైద్యుడు ఇచ్చునది తన వివేకమును. ఇచ్చువాడు అలసినకొలది ఆ దానమే చెడిపోవును. పైగా చెడినదని పుచ్చుకొనువానికి తెలియదు. రంతిదేవునికి మరునాడు ఎవరును నమోదై లేరు. వైద్యునికి మరునాడును 2,300 మంది కలరు. ఇంకొక మాట కూడ చెప్పవలసియున్నది. రాజు దానము చేయుచున్నప్పుడు వాని కుటుంబమును ఆకలితో వణకుచునే యుండెను. త్యాగమును కీర్తించుచు మనము వారివైపు చూచుట మరచితిమి.

చరకసంహితలో గురువు శిష్యునికి చేయు అనుశాసనము ఈ సందర్భమున స్మరింపదగినది. రోగియొక్క ఆరోగ్యమునకై సర్వాత్మనా యత్నింపుమనియు, తన ప్రాణముమీదికి వచ్చినను రోగికి ద్రోహము తలపెట్టవలదనియు అందు చెప్పబడినది. హద్దులేకుండ సేవింపుమని గాక ద్రోహము చేయవలదని గురువు శాసించుట గమనింపవలెను. వినినట్లు తల యూపుచు వినకపోవుట ద్రోహమా కాదా? రోగి తన దేహరహస్యమును నమ్మకముతో అప్పగించుచుండగా, పుచ్చుకొనునట్లు నటించి జారవిడుచుట ద్రోహము కాకపోవుట యెట్లు? అదే గ్రంథము వైద్యుని ప్రవృత్తిని నాలుగు విధములుగా విభజించి, సర్వులయెడ మైత్రిని, ఆర్తులయెడ కరుణను, సాధ్యమైన వ్యాధులయందు ప్రీతిని, మరణోన్ముఖులయెడ ఉపేక్షను విధించినది. ఈ నాలుగు భావములే కొలది భేదముతో పతంజలి యోగమునందును, బౌద్ధుల బ్రహ్మవిహారములందును కానవచ్చుచున్నవి. అనగా చికిత్స మన పూర్వులకు చిత్తవృత్తికి సంబంధించిన సాధన కూడ. చిత్తము నలిగి నుగ్గైనవాడు మైత్రిని గాని కరుణను గాని ఎక్కడనుండి తెచ్చి యిచ్చును?

ఐనను ఈ వాదమును నేను ఇంతటితో ముగింపలేను. అలసట నెపముగా చూపి ప్రతివాడును తన తలుపు తాను మూసికొనవచ్చుననినచో ధర్మమే మిగులదు. దీనికి సమాధానము వెదకుటకు బ్రిటను ప్రజల ధర్మబుద్ధి ఏ కథలమీద పెరిగినదో ఆ కథలలో ఒకదానిని ఆశ్రయించెదను. లూకా సువార్తలోని సమరయుని కథ తెలుగు క్రైస్తవులకును, క్రైస్తవేతరులకును సుపరిచితమే. యెరూషలేమునుండి యెరికోకు పోవు మార్గమున దొంగలచేత దెబ్బలు తిని కొనయూపిరితో పడియున్నవానిని యాజకుడు చూచి ప్రక్కగా పోయెను, లేవీయుడును అట్లే పోయెను. పరాయివాడైన సమరయుడు మాత్రము జాలిపడి, నూనెయు ద్రాక్షారసమును పోసి గాయములు కట్టి, తన వాహనముమీద నెక్కించి పూటకూళ్ళవాని యింటికి చేర్చెను. రెండువేల సంవత్సరములుగా ఉపదేశకులు సమరయునిగూర్చి ప్రసంగించిరి. ఎన్నియో ఆసుపత్రులు అతని పేరు పెట్టుకొన్నవి. పూటకూళ్ళవానిగూర్చి ప్రసంగించినవారిని నేను చూడలేదు. కాని కథను శ్రద్ధతో చదువుడు. మరునాడు సమరయుడు తన దారిని తాను పోయెను. పోవుచు రెండు దేనారములు పూటకూళ్ళవాని చేతిలో పెట్టి, వీనిని కనిపెట్టుకొని యుండుమని కోరి, ఇంతకు మించి వ్యయమైనయెడల తాను తిరిగివచ్చునపుడు తీర్తునని మాట యిచ్చెను. ఆ తరువాతి దినములలో కట్లు మార్చినవాడు, గంజి త్రాగించినవాడు, అర్ధరాత్రి మూలుగు విని లేచినవాడు పూటకూళ్ళవాడే. దయ ఒక దినములో పుట్టినది. దానిని స్వస్థతగా మార్చిన దినములన్నియు అతని కప్పులోపల గడచినవి.

కుటుంబవైద్యుడు సమరయుడు కాడు, పూటకూళ్ళవాడు. అతనిని సమరయుని ధర్మముతో తూచుటయే మనము చేయుచున్న పొరపాటు. దారిలో అనుకోకుండ తటస్థపడిన ఒక్క క్షతగాత్రునియెడ బాటసారికి గల ధర్మము అపరిమితమైనది కావచ్చును. ఏలయన ఆ ఘటన అతని జీవితములో ఒక్క దినము. ఇంటిని నిత్యము తెరచియుంచి, ఎవరు వచ్చినను చేర్చుకొందునని మాటయిచ్చినవాని ధర్మము వేరు. అతని ఇల్లు కూలరాదు, అతని దీపము ఆరరాదు, పడకలమీద నున్నవారిని మరచి అతడు క్రొత్తవారికై పరుగెత్తరాదు.

బ్రిటనులో సమరయుని స్థానమున నిలిచినది ఒక జాతి యావత్తు. వేల్సులోని ట్రెడీగర్ అను గనిపట్టణమున కార్మికులు తమ కూలినుండి కొంత కొంత కూడబెట్టి తమకును తమ కుటుంబములకును వైద్యులను నియమించుకొన్న సహాయసంఘము నొకదానిని చూచుచు పెరిగిన అన్యూరిన్ బెవాన్, ఆరోగ్యమంత్రియై, 1948 జులై 5వ తేదీన నేషనల్ హెల్త్ సర్వీసును ప్రారంభించెను. ఎవరికైనను, ఎప్పుడైనను, చికిత్సవేళ పైకము చెల్లింపనక్కరలేకుండ వైద్యము దొరకునను ఆ వాగ్దానముకంటె ఉదాత్తమైనది ఇరువదవ శతాబ్దపు రాజకీయములలో అరుదు. కాని జీపీలు జీతగాండ్రుగా చేరుటకు ఇష్టపడక, స్వతంత్రముగా ఒప్పందము చేసికొనువారుగనే నిలిచిరి. వారికి నమోదైన తలకు ఇంతయని సంవత్సరమునకు సొమ్ము ముట్టును. 2024లో ఆ సొమ్ము తలకు నూరు పౌండ్లకు కొంచెము పైన ఉండెను. ఆ మనిషి ఏడాదిలో ఒకసారి వచ్చినను ముప్పదిసారులు వచ్చినను అంతే. ఇచ్చటనే కథ వంకర తిరిగినది. జనులకు చేసిన వాగ్దానము అపరిమితము. పూటకూళ్ళవాని చేతిలో పెట్టినది రెండు దేనారములు. "మించినది నేను తీర్తును" అను సమరయుని రెండవ మాట మాత్రము క్రమముగా లుప్తమైనది. వాహనము దినదినము క్రొత్త క్షతగాత్రులను తెచ్చి దింపుచున్నది, కీర్తి సమరయునికి పోవుచున్నది, లోపల దీపము వెలిగించియుంచు భారము పూటకూళ్ళవానిపై పడినది.

ఫ్రెంచి తత్త్వవేత్త్రి సిమోన్ వేయ్ భావించిన ప్రకారము, బాధితునియెడ నిశ్చలముగా నిలిపిన అవధానమే ప్రార్థనకు దగ్గరిది, అది మనుష్యులలో అత్యంతదుర్లభమైనది. ఆమెయే 1943లో, ఇంగ్లండునందలి ఆష్‌ఫర్డు శానటోరియములో, శత్రువుల ఆక్రమణలోనున్న తన దేశప్రజలకు దొరకుదానికంటె ఎక్కువ తిననని పట్టుబట్టి, 34 ఏండ్ల వయస్సున క్షయరోగముతో మరణించెను. అవధానముయొక్క విలువ అంతగా ఎరిగిన ఆ మహనీయురాలు దానిని మోయు దేహమును కాపాడుకొనలేకపోయెనే యని నాకు ఎల్లప్పుడును దుఃఖము కలుగును. అవధానము దేహమునందు వసించునది. దేహమునకు హద్దు కలదు.

ఆ అవధానము ఏళ్ళతరబడి ఒకే మనిషినుండి లభించినప్పుడు ఏమగునో నార్వే దేశములో లెక్కవేసిరి. లక్షలకొలది జనుల వివరములను పరిశీలించి 2021లో ప్రకటించిన ఒక అధ్యయనములో, ఒకే కుటుంబవైద్యుని 15 ఏండ్లకు పైగా ఆశ్రయించియున్నవారిలో మరణించు అవకాశము, ఒక్క ఏడాదిగా మాత్రమే ఆ వైద్యునివద్ద నున్నవారికంటె సుమారు 25 శాతము తక్కువగా కనబడెను. తలుపుపిడిమీద చేయివేసి ఆగిన వృద్ధురాలి మౌనమును చదువగలవాడు ఆమెను పూర్వమునుండి ఎరిగినవాడే కదా! వైద్యుడు అలసి ఉద్యోగము విడిచిపోయినప్పుడు పోవునది ఆ పదునైదేండ్ల పరిచయము. మరియొకని నియమించి దానిని తెప్పించుట సాధ్యము కాదు.

ఐనచో హద్దు గీయుట వైద్యుడు ఒంటరిగా చేయదగిన పనియా? కాదని నా నిశ్చయము. ఒక్క వైద్యుడు తాను 25 మందినే చూతునని కూర్చున్నయెడల, 26వ మనిషి ప్రక్కగదిలోని సహవైద్యుని నెత్తిమీద పడును. అది హద్దు కాదు, భారమును జరుపుట. ఒంటరివాడు లోలోపల ఓర్చుకొని ముప్పదియైదుగురిని చూచినను మేలు జరుగదు. అతని త్యాగము లోకమునకు ఒక అబద్ధము చెప్పుచున్నది, రెండు దేనారములు చాలుచున్నవని పాలకులను నమ్మించుచున్నది. అందరు కలిసి ఒక్కమారు ఆగినపుడే కొరత ఎచ్చట నున్నదో అచ్చట కనబడును. ఈ అర్థములో సంఘటితచర్య మొట్టమొదట సత్యవచనము. నిర్గమకాండములో మోషే ఉదయమునుండి సాయంకాలమువరకు ఒంటరిగా కూర్చుండి ప్రజల వ్యాజ్యములు తీర్చుచుండగా, అతని మామ యిత్రో చూచి, నీవు చేయుచున్న పని మంచిది కాదు, నీవును నలుగుదువు, నిన్ను నమ్మివచ్చిన ఈ ప్రజలును నలుగుదురు అను భావముతో హెచ్చరించి, వేయిమందికి నూరుమందికి ఏబదిమందికి పదిమందికి వేరువేరు అధిపతులను ఏర్పరచుమని బోధించెను. దైవముతో సంభాషించువానికైనను ఆ బోధ తప్పలేదు.

చరిత్రలో ఇందుకు నిదర్శనము లేకపోలేదు. 1965లో బ్రిటనునందలి సుమారు 22,000 మంది జీపీలలో దాదాపు 18,000 మంది తేదీ వేయని రాజీనామాపత్రములపై సంతకము చేసి సంఘమునకు అప్పగించిరి. ఆ పత్రములు వాడవలసిన అవసరమే కలుగలేదు. మరుసటి సంవత్సరము వచ్చిన క్రొత్త ఒప్పందము సిబ్బంది జీతములో 70 శాతము ప్రభుత్వమే తిరిగి చెల్లించునట్లు ఏర్పాటు చేసినది. భార్య తలుపు తీయగా, భర్త వంటింటి ప్రక్కగదిలో రోగులను చూచు దశనుండి నర్సులు, గుమాస్తాలు, పరీక్షాగదులుగల చికిత్సాలయముల దశకు కుటుంబవైద్యము ఎదిగినది. ఆ మేలు రోగులకు చేరినది.

కాని ఐకమత్యమే ధర్మమునకు ప్రమాణమని నేను చెప్పను. 1948 ఫిబ్రవరిలో ఇదే సంఘము నడపిన అభిప్రాయసేకరణలో పదిమందిలో తొమ్మండుగురు వైద్యులు బెవాన్ పథకమును వ్యతిరేకించిరి. 1962 జులైలో కెనడాలోని సస్కాచువాను రాష్ట్రమున, అందరికిని వర్తించు వైద్యబీమాను అడ్డుకొనుటకు వైద్యులు 23 దినములు తమ తలుపులు మూసిరి. అప్పుడును వారు ఐకమత్యముతోనే యుండిరి, స్వేచ్ఛ, వృత్తిగౌరవము వంటి గొప్ప మాటలే పలికిరి. ఐనను వారు నిలిచినది పూటకూళ్ళయిల్లు పేదలకు తెరువబడకుండుటకు. వారికిని వీరికిని భేదమేమి? సంఘము కోరుచున్నదానిని వైద్యుడు తన గదిలో కూర్చున్న రోగి ముఖము చూచి, తడబడక చెప్పగలడా యని అడుగవలెను. "నిన్ను సరిగా వినుటకు నాకు కాలము కావలెను, అందుకై పోరాడుచున్నాను" అను మాట వృద్ధురాలి ఎదుట చెప్పదగినది. "నీవు పైకము చెల్లింపకుండ నాయొద్దకు వచ్చుట నాకు సమ్మతము కాదు" అను మాట చెప్పుటకు నోరు రాదు.

ఈ పరీక్షలో 2024 నాటి చర్య నెగ్గుననియే నా అభిప్రాయము. ఐనను 26వ మనిషి ఇంకను వెలుపలనే యున్నాడు. అతడు ఎవడు? జూలియన్ ట్యూడర్ హార్ట్ అను వైద్యుడు దక్షిణ వేల్సులోని గ్లిన్‌కోరుగ్ అను గనిగ్రామమున సుదీర్ఘకాలము పనిచేసి, ఊరిలోని ప్రతివాని రక్తపుపోటును కొలిచి, తన అనుభవమును 1971లో లాన్సెట్ పత్రికలో ఒక సూత్రముగా వ్రాసెను: మంచివైద్యము ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువగా అందుచున్నది. ఆ సూత్రము నేటికిని నిలిచియున్నది. సంపన్నుల పేటలో 25 అను హద్దు దాటినవాడు కారెక్కి మరియొక కేంద్రమునకు పోగలడు, లేదా ప్రైవేటు వైద్యునికి పైకము చెల్లించగలడు. బొగ్గులోయలోని వితంతువునకు బస్సే లేదు. ఒకే సంఖ్య ఇద్దరికి ఒకే న్యాయము కాదు. 1980ల నాటికి బ్రిటను కుటుంబవైద్యులలో సుమారు ఆరింట ఒకరు భారత ఉపఖండములో పుట్టినవారు. స్వదేశీయులైన వైద్యులు పోనొల్లని ఆ లోయలలో, పారిశ్రామికనగరముల పేదవాడలలో వారే ఎక్కువగా కుదురుకొనిరి, వారిలో మన గుంటూరు, విశాఖపట్టణము కళాశాలలలో చదివి పోయినవారును కలరు. ఆ తరము విశ్రమించుచున్నది. వారు మోసిన చోట్లలో హద్దు గీయుట ఎక్కువ అవసరము, ఎక్కువ ప్రమాదము కూడ. అట్టిచోట రోగుల సంఖ్యను గాక వారి బాధల చిక్కును బట్టి హద్దు నిర్ణయింపవలెను. పేదవాడలోని వైద్యునికి 25కంటె తక్కువమంది చాలు, కాని అట్టి వైద్యులు ఎక్కువమంది కావలెను.

హద్దు ధర్మమే యైనను, దానివలన వెలుపల నిలిచినవానియెడ ఋణము తీరిపోదు. మన ధర్మశాస్త్రకారులు ఆపద్ధర్మమును అంగీకరించుచునే దానికి ప్రాయశ్చిత్తమును విధించిరి. చేయక తప్పని కార్యము సైతము చేసినవానిమీద ఏదో శేషమును విడుచునని వారెరుగుదురు. ఇచ్చట ఆ శేషమును ఎవరు మోయుచున్నారు? ఉదయము ఎనిమిది గంటలకు ఫోను లైనులు తెరువగానే "నేటికి అపాయింట్‌మెంట్లు అయిపోయినవి" అని పలుకునది ఓటువేసిన వైద్యుడు కాడు, మంత్రి అసలే కాడు. కౌంటరువద్ద కూర్చున్న, స్వల్పజీతము పుచ్చుకొను రిసెప్షనిస్టు. 26వవాని కోపమును, ఏడ్పును, తిట్లను వినునది ఆమె. నిర్ణయము ఒకరిది, దానిని పలుకు నోరు మరియొకరిది. ఈ ఒక్క విషయమున వైద్యుల చర్య నాకు అసంపూర్ణముగా తోచుచున్నది.

2025 వసంతమున ప్రభుత్వము 88.9 కోట్ల పౌండ్లు అదనముగా ఇచ్చుటకును, కాలక్రమమున ఒప్పందమును సమూలముగా మార్చుటకును అంగీకరింపగా వైద్యులు చర్యను విరమించిరి. క్రొత్త ధనముతో ఏమి చేయవలెనను విషయమున నాకొక కోరిక కలదు. ఇంగ్లండులో కుటుంబవైద్యశాలలలో మాసమునకు దాదాపు 3 కోట్ల అపాయింట్‌మెంట్లు జరుగుచున్నవని ప్రభుత్వము నెలనెల లెక్క ప్రకటించుచున్నది. ఫోను చేసి చోటు దొరకక వెనుదిరిగినవారి లెక్క మాత్రము ఆ పట్టికలలో కానరాదు. వారానికొక ఉదయము వైద్యుడే స్వయముగా ఎనిమిది గంటలకు ఫోనువద్ద కూర్చుండి, వెనుదిరుగు ప్రతివానితో కారణమును తన నోట చెప్పి, ఎచ్చటికి పోవలెనో చూపి, వాని పేరును బాధను ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. మాసాంతమున ఆ పుస్తకములోని సంఖ్యను చికిత్సాలయపు గోడమీద అంటించి, దాని ప్రతిని ఆరోగ్యమంత్రికి పంపవలెను.